గుడ్డిగుర్రానికి పళ్ళు తోమడం



ఈ పుటలలో సాధారణంగా వ్యాధుల గురించి, వాటి నివారణ గురించి వ్రాస్తూ ఉంటాను. ఈసారి ఒక గుర్రాల క్షేత్రం గురించి వ్రాస్తున్నాను. చివరివరకు చదివితే ఇది కూడా ఆరోగ్యానికి సంబంధించిన విషయమేనని మీరు ఒప్పుకుంటారని నా నమ్మకం.

2023 ఏప్రిల్ నెలలో నేను అమెరికాలో, ఒహాయో రాష్ట్రంలోని మా అమ్మాయి ఇంటికి వెళ్ళాను. చేరిన మరునాటి రాత్రి భోజనాల దగ్గర మా అల్లుడుగారు పళ్ళెంలోకి చూస్తూ అన్నారు: “మామయ్యగారూ, ఇంత డబ్బు పోసి చదివిస్తే మీ మనవరాలు చదువు ఆపేసి కెంటకీలో గుడ్డిగుర్రాలకు పళ్ళు తోముతోంది.”

పనికిమాలిన పనిని మనం అలా అంటామని మీకు తెలుసు. ఆయన కూడా ఆ అర్థంలోనే అన్నారు. మా అమ్మాయి మాట్లాడలేదు. లేచి వంటగదిలోకి వెళ్ళిపోయింది.

తరువాత విషయం విడమరచి చెప్పారు. మనవరాలికి అప్పటికి ఇరవై ఏళ్ళు. విశ్వవిద్యాలయంలో రెండవ సంవత్సరం. చిన్నప్పటినుండి తరగతిలో మొదటి వరుసలో నిలిచిన పిల్ల. ఆ ముందటి శరదృతువునుండి తరగతులకు వెళ్ళడం తగ్గించింది. పగలు నిద్ర, రాత్రి మెలకువ. ఎనిమిది కిలోల బరువు తగ్గింది. ఫోను ఎత్తేది కాదు. మా అమ్మాయి అనుమానించి వెళ్ళి చూస్తే, గదిలో మూడు రోజులుగా ముట్టని ఆహారం ఉంది. మానసిక వైద్యురాలు పరీక్షించి కుంగుబాటు వ్యాధి అని నిర్ణయించారు. మందులు మొదలుపెట్టారు. వారానికొకసారి మనస్తత్వ నిపుణురాలితో సంభాషణ ఏర్పాటు చేశారు. చదువుకు ఒక అర్ధసంవత్సరం విరామం తీసుకోవడానికి విశ్వవిద్యాలయం అనుమతించింది.

ఇంతవరకు మా అల్లుడుగారు సహించారు. ఇంట్లో విశ్రాంతి తీసుకుంటుందని అనుకున్నారు. కానీ మార్చి నెలలో ఆ పిల్ల, పందెాలనుండి విరమించిన ముసలి గుర్రాలను సాకే ఒక చిన్న క్షేత్రానికి వెళ్ళిపోయింది. అక్కడ రోజుకు ఐదు గంటల పని, వారానికి ఆరు రోజులు. జీతం లేదు. ఒక గది ఇస్తారు, మూడు పూటలా భోజనం పెడతారు.

“మీ మాట వింటుంది మామయ్యగారూ. నచ్చజెప్పి తీసుకురండి” అన్నారు ఆయన. సరేనన్నాను. నిజం చెప్పాలంటే, అప్పుడు నా అభిప్రాయమూ ఆయన అభిప్రాయమూ ఒక్కటే.

పనికి ప్రతిగా తిండి, గది

ఈ పద్ధతి ఆ దేశాలలో కొత్తది కాదు. 1971లో లండన్ నగరంలో కార్యదర్శిగా పనిచేస్తున్న సూ కోపర్డ్ అనే మహిళ, నగరవాసులు వారాంతంలో పల్లెకు వెళ్ళి సేంద్రియ క్షేత్రంలో పనిచేసి, ప్రతిగా అక్కడే తిని పడుకొనే ఏర్పాటు చేశారు. అదే ‘వూఫ్’ అనే పేరుతో అనేక దేశాలకు వ్యాపించింది. ఆ తరువాత ఇటువంటి ఏర్పాట్లు మరికొన్ని వచ్చాయి. మన పల్లెలలో పూర్వం పాలేరుకు గింజలు కొలిచి, పూట భోజనం పెట్టిన పద్ధతితో దీనికి పైపైన పోలిక ఉన్నా, ఒక ముఖ్యమైన తేడా ఉంది. పాలేరు అప్పుకో ఆకలికో కట్టుబడి ఉండేవాడు. ఈ పిల్లలు ఇష్టపడి వస్తారు, ఇష్టం లేనప్పుడు వెళ్ళిపోతారు. వెళ్ళిపోయే స్వేచ్ఛ ఉన్నంతవరకే అది స్వచ్ఛంద సేవ అవుతుందని ఇక్కడే చెప్పి ముందుకు సాగుతాను.

లెక్సింగ్టన్ నగరం చుట్టుపక్కల ప్రాంతం మేలుజాతి పందెపు గుర్రాలకు ప్రసిద్ధి. అడుగున సున్నపురాయి ఉన్న నేల, పచ్చని గడ్డి, మైళ్ళకొద్దీ కొయ్య కంచెలు. మా మనవరాలు ఉన్న క్షేత్రం అటువంటి వైభవం లేనిది. పాత ఇల్లు, పాత గుర్రపుశాల, పద్నాలుగు గుర్రాలు. దాన్ని నడిపేవారు నా వయస్సుకు దగ్గర్లో ఉన్న దంపతులు. నన్ను అతిథిగా మూడు రోజులు ఉండమన్నారు. నా వీసా సందర్శకుల వీసా కనుక పార ముట్టుకోవడానికి నాకు వీలులేదని చెబితే, ఆ పెద్దమనిషి నవ్వి, చూడటానికి ఏ అనుమతీ అక్కరలేదని ఒక కుర్చీ తెచ్చి వేశాడు.

పందెపు గుర్రం రెండేళ్ళ వయస్సుకే పరుగు మొదలుపెడుతుంది. ప్రసిద్ధమైన కెంటకీ డెర్బీలో మూడేళ్ళ గుర్రాలే పాల్గొంటాయి. చాలా గుర్రాలకు ఐదారేళ్ళకే పందెాల జీవితం ముగుస్తుంది. కానీ గుర్రం పాతికేళ్ళు, ముప్పై ఏళ్ళు కూడా బ్రతుకుతుంది. పరుగు ఆగిన తరువాత మిగిలిన ఇరవై ఏళ్ళు ఎవరు మేపాలి అన్నదే ప్రశ్న. యాభై ఎనిమిదో ఏట పదవీవిరమణ చేసిన నాకు ఈ లెక్క వేరే వివరించనక్కరలేకపోయింది.

తెల్లవారుజామున

మొదటి ఉదయం ఐదున్నరకు మెలకువ వచ్చింది. కిటికీలోనుండి చూస్తే మనవరాలు రబ్బరు బూట్లు వేసుకొని, రెండు చేతులా బాల్చీలతో నడిచి వెళ్తున్నది. తొమ్మిది గంటలవరకు మంచం దిగని పిల్ల అని విని వచ్చాను.

కుర్చీలో కూర్చొని చూసిన పని మీకు చెబుతాను. గుర్రం బరువు సుమారు అయిదు వందల కిలోలు. రోజుకు ఎనిమిది నుండి పది కిలోల ఎండుగడ్డి తింటుంది. ముప్పై లీటర్ల వరకు నీళ్ళు త్రాగుతుంది. పదిహేను కిలోలకు పైగా లద్దె వేస్తుంది. పద్నాలుగు గుర్రాలకు లెక్క మీరే వేసుకోండి. లద్దె ఎత్తి తోపుడుబండిలో పోయాలి. తడిసిన రంపపుపొట్టు తీసి పొడిది పరవాలి. తొట్లు కడిగి నీళ్ళు నింపాలి. ఒక్కొక్క కాలూ ఎత్తి పట్టుకొని గిట్టలో ఇరుక్కున్న మట్టి, రాళ్ళు కొక్కెంతో తీయాలి. ఒంటిమీద ఎక్కడైనా గాయముందేమో చేత్తో తడిమి చూడాలి.

గుర్రానికి వాంతి చేసుకునే శక్తి లేదు. కడుపులో ఇబ్బంది వస్తే బయటపడే దారి లేక ప్రాణం మీదికి వస్తుంది. అందువలన ఉదయం ప్రతి గుర్రం తిన్నదా, లద్దె వేసిందా అన్నది చూసి ఒక పలక మీద వ్రాస్తారు. శాల గోడకు ఒక స్టెతస్కోపు వ్రేలాడుతున్నది. మనవరాలు దాన్ని ఒక గుర్రం డొక్కకు ఆనించి కళ్ళు మూసుకొని ప్రేగుల చప్పుడు విన్నది. తరువాత దవడ క్రింద వ్రేలు పెట్టి నాడి లెక్కపెట్టింది.

“ముప్పై ఆరు, తాతయ్యా. నలభై నాలుగు వరకూ పరవాలేదు” అన్నది తన వచ్చీరాని తెలుగులో.

నా చేతికి స్టెతస్కోపు ఇచ్చింది. ముందుకాలి మోచేతి వెనుక పెట్టి విన్నాను. ముప్పై నాలుగు సంవత్సరాలు మనుషుల గుండెలు విన్న చెవులకు ఆ నెమ్మదైన, లోతైన చప్పుడు కొత్తగా ఉంది. ముప్పై ఆరే. ఆమె లెక్క సరిగ్గా ఉంది.

రెండవనాడు పశువైద్యురాలు వచ్చింది. శాల చివర గదిలో ఇరవై రెండేళ్ళ గుర్రం ఒకటి ఉంది. కంటిలోపలి పొరలు పదేపదే వాచే వ్యాధివలన దానికి రెండు కళ్ళూ పోయాయి. గుర్రాలలో అంధత్వానికి ఈ వ్యాధే ప్రధాన కారణమని ఆమె చెప్పింది. ఆ గుర్రానికి తోడుగా ఉండే మరొక గుర్రం మెడలో చిన్న గంట కట్టారు. గంట చప్పుడును బట్టి గుడ్డిది దాని వెనుకనే బయలులో మేస్తుంది.

గుర్రాల పళ్ళు జీవితాంతం చిగురునుండి కొద్దికొద్దిగా పైకి వస్తూనే ఉంటాయి. గడ్డి నమలడంలో అరుగుతాయి. క్రింది దవడకంటే పై దవడ వెడల్పు కనుక అంచులు సమంగా అరగక, కత్తుల వలె మొనదేలి బుగ్గనూ నాలుకనూ కోస్తాయి. అప్పుడు గుర్రం తిండి మానేస్తుంది. అందువలన వాటిని ఆకురాయితో అరగదీస్తారు. ఆనాడు పశువైద్యురాలు మత్తు ఇచ్చి, నోరు తెరిచి ఉంచే చట్రం బిగించి, గుడ్డిగుర్రం పళ్ళు అరగదీస్తుంటే, మా మనవరాలు దాని తలను రెండు చేతులతో పట్టుకొని, చెవి దగ్గర ఏదో చెబుతూ నిలబడింది.

నేను ఆపుకోలేక నవ్వాను. ఎందుకని అడిగితే మన సామెత చెప్పాను. వాళ్ళ నాన్న అన్న మాట అని మాత్రం చెప్పలేదు. ఆమె ఒక్క నిముషం ఆలోచించి, “మరి గుడ్డిదైతే పళ్ళు నొప్పి పెట్టవా, తాతయ్యా?” అన్నది.

నా దగ్గర జవాబు లేదు.

గుర్రాలకు నా బాకీ

ఆ మధ్యాహ్నం కుర్చీలో కూర్చొని ఒక విషయం తలచుకున్నాను. వైద్యవృత్తిలో ఉన్నంతకాలం నేను గుర్రాల రక్తరసం మనుషులకు ఎక్కించాను గాని, ఒక గుర్రాన్ని ముట్టుకోవడం అదే మొదటిసారి. చిన్నప్పుడు మా ఊరి జట్కాబండ్లకు కట్టిన బక్కచిక్కిన గుర్రాలను దూరంనుండి చూడటమే.

1890లో బెరింగ్, కిటసాటో అనే శాస్త్రజ్ఞులు ధనుర్వాతం, కంఠసర్పి వ్యాధులకు విరుగుడు, రోగనిరోధకశక్తి పొందిన జంతువుల రక్తరసంలో ఉంటుందని నిరూపించారు. కొద్ది సంవత్సరాలలోనే ఆ రక్తరసాన్ని గుర్రాలనుండి తీయడం మొదలైంది. పాము విషాన్ని స్వల్పమోతాదులతో మొదలుపెట్టి గుర్రానికి క్రమంగా ఇస్తారు. దాని శరీరం ప్రతిరక్షకాలను తయారుచేస్తుంది. ఆ రక్తంనుండి తీసి శుద్ధి చేసినదే మన ఆసుపత్రులలోని పాముకాటు విరుగుడు మందు. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర అనే నాలుగు పాముల విషానికి నేటికీ మనకున్న మందు అదే. 2000 నుండి 2019 వరకు మన దేశంలో పాముకాటుతో సుమారు పన్నెండు లక్షల మంది మరణించారని అంచనా. ఆ మందు సమయానికి అందక పోయినవారే అందులో ఎక్కువ అని నా అనుభవం చెబుతుంది.

నేను ఉద్యోగంలో చేరిన 1974 ప్రాంతంలో ధనుర్వాతంతో పసికందులు వచ్చేవారు. బొడ్డు కోసిన కత్తి, బొడ్డుపై పెట్టిన పేడ అందుకు కారణం. దవడలు బిగిసి పాలు త్రాగలేని బిడ్డను ఒడిలో పెట్టుకొని కూర్చున్న తల్లులు ఇప్పటికీ నాకు కలలో కనబడతారు. గుర్రపు రక్తరసంనుండి చేసిన సూదిమందు ఇచ్చేవాళ్ళం. అది కొందరికి వికటిస్తుంది కనుక ముందు చర్మం క్రింద చుక్క వేసి చూసి, అడ్రినలిన్ చేత పట్టుకొని నిలబడేవాళ్ళం. గర్భిణులకు టీకాలు, పరిశుభ్రమైన పురుళ్ళ వలన 2015 నాటికి మన దేశం బాలింతల, శిశువుల ధనుర్వాతాన్ని నిర్మూలన స్థాయికి తేగలిగింది.

అమెరికాలో జిమ్ అనే గుర్రం కథ వైద్యచరిత్రలో ఉంది. పాలబండి లాగిన ఆ గుర్రంనుండి కంఠసర్పికి విరుగుడు తీసేవారు. దానికి ధనుర్వాతం సోకిన సంగతి బయటపడేలోపు తీసిన రక్తరసం వాడటంతో 1901లో సెయింట్ లూయీ నగరంలో 13 మంది పిల్లలు మరణించారు. మరుసటి సంవత్సరమే ఇటువంటి మందుల తయారీని నియంత్రించే చట్టం వచ్చింది. మందు తయారుచేసే జంతువు ఆరోగ్యం మనిషి ఆరోగ్యంనుండి వేరు కాదని ఆ ఘటన నేర్పింది.

ఆ రాత్రి

రెండవ రాత్రి భోజనమయ్యాక మేమిద్దరం వరండాలో కూర్చున్నాం. ఆమె రెండు గిన్నెల చారు త్రాగి, రొట్టె తిన్నది. నేను లెక్కపెట్టాను. వైద్యుల బుద్ధి పోదు.

ఇంటికి రమ్మని చెప్పడానికే నేను వచ్చానని ఆమెకు తెలుసు. నేను నోరు తెరవకముందే అన్నది: “తాతయ్యా, కాలేజీలో నేను లేవకపోయినా ఎవరికీ ఏమీ కాదు. ఇక్కడ నేను లేవకపోతే వాటికి నీళ్ళు ఉండవు. అందుకని లేస్తున్నాను. అంతే.”

అప్పుడు నాకు 1971 గుర్తుకు వచ్చింది. అర్ధశతాబ్దంగా నేను ఎవరికీ చెప్పని విషయం ఇది. వైద్యకళాశాల వసతిగృహంలో నా గదిలో ఒక సహాధ్యాయి ఉండేవాడు. నాకంటే తెలివైనవాడు. మూడవ సంవత్సరంలో తరగతులు మానేసి గోడవైపు తిరిగి పడుకోవడం మొదలుపెట్టాడు. మేము పరీక్షల భయం అనుకున్నాం. ధైర్యంగా ఉండమన్నాం. వాళ్ళ నాన్నగారు వచ్చి, పొలం అమ్మి చదివిస్తున్నానని గుర్తుచేసి వెళ్ళారు. అతడు తలవూపాడు. నేను కూడా మంచి మాట చెబుతున్నాననుకొని, “మీ నాన్నగారి ముఖం చూసైనా లేవరా” అన్నాను. పది రోజుల తరువాత అతడు ప్రాణం తీసుకున్నాడు.

కుంగుబాటు లక్షణాలు ఆ మరుసటి సంవత్సరం పాఠ్యపుస్తకంలో చదివాను. నిద్ర, ఆకలి, ఆసక్తి, శక్తి తగ్గిపోవడం, తాను ఎందుకూ పనికిరాననే భావన, చావు గురించిన ఆలోచనలు. ప్రతి పంక్తిలో అతడే ఉన్నాడు. నేను పక్క మంచం మీద ఉండి చూడలేకపోయాను.

ఆ రాత్రి మనవరాలికి ఇదంతా చెప్పాను. చెప్పి, సూటిగా అడిగాను: “తల్లీ, నీకు చచ్చిపోవాలని అనిపించిందా?”

ఆమె చాలాసేపు చీకట్లోకి చూసింది. “డిసెంబరులో అనిపించింది. ఇప్పుడు లేదు. మళ్ళీ అనిపిస్తే అమ్మకు చెబుతానని డాక్టరుకు మాట ఇచ్చాను. నీకు కూడా చెబుతాను” అన్నది.

ఇంటికి రమ్మని నేను అడగలేదు. మందులు వేళకు వేసుకుంటున్నావా అని మాత్రం అడిగాను. సీసా తెచ్చి చూపించింది. గురువారాలు ఫోనులో మనస్తత్వ నిపుణురాలితో మాట్లాడుతున్నానని చెప్పింది. ఒంటరిగా తిరిగివచ్చి అల్లుడుగారితో ఒక్క మాటే అన్నాను: “పళ్ళు నిజంగానే తోముతోంది నాయనా. గుర్రం మళ్ళీ గడ్డి తింటోంది. మన పిల్ల కూడా తింటోంది.” ఆయన ఆ రోజు ఏమీ అనలేదు. ఆ శనివారం ఉదయం మా అమ్మాయిని వెంటబెట్టుకొని, పచ్చడి సీసా పట్టుకొని, మూడు గంటలు కారు నడుపుకుంటూ ఆయనే వెళ్ళారు.

మీకు నా మనవి

గుర్రాలు కుంగుబాటును నయం చేస్తాయని నేను చెప్పడం లేదు. ఆమెకు మందులు, చికిత్స జరుగుతున్నాయి. వాటికి తోడుగా ఒక వేళకు లేవడం, ఎండ, శరీరశ్రమ, ఆకలి, నిద్ర, తన అవసరం ఉన్న ఒక ప్రాణి దొరికాయి. మందులు మాన్పించి పిల్లలను పల్లెలకు పంపకండి. తల్లిదండ్రులు తెలుసుకోవలసినది మరొకటి ఉంది. చావు ఆలోచన ఉందా అని అడిగితే ఆ ఆలోచన పుట్టదు. ఉన్నది బయటకు వస్తుంది. అడగండి. మన దేశంలో టెలి మానస్ 14416 సంఖ్యకు పగలూ రాత్రీ ఉచితంగా ఫోను చేసి తెలుగులో మాట్లాడవచ్చు. అమెరికాలో 988.

మీ పిల్లలు ఇటువంటి క్షేత్రాలకు వెళ్తామంటే కొన్ని విషయాలు చూడండి. మా మనవరాలు అక్కడే పుట్టిన పౌరురాలు కనుక చిక్కు లేదు. మన దేశంనుండి విద్యార్థి వీసా, సందర్శక వీసాలపై వెళ్ళినవారికి అలా కాదు. అమెరికా చట్టం భోజనవసతులను కూడా ప్రతిఫలంగానే లెక్కిస్తుంది. జీతం లేదు కదా అని చేరితే వీసాకే ముప్పు. పనిగంటలు, సెలవు దినం, గది, గదికి తాళం, ప్రమాదం జరిగితే చికిత్స ఖర్చు ఎవరిది అన్నవి ముందే వ్రాతపూర్వకంగా అడగండి. వెళ్ళిపోవాలంటే దగ్గరలో బస్సు ఉందా, చేతిలో తిరుగుప్రయాణానికి డబ్బుందా చూడండి.

గుర్రానికి సరిగ్గా వెనుక, ముక్కుకు ఎదురుగా కనబడదు. భుజంవైపునుండి, మాట్లాడుతూ దగ్గరకు వెళ్ళాలి. స్వారీ చేసేటప్పుడు శిరస్త్రాణం తప్పనిసరి. గట్టి బూట్లు ఉండాలి. ఎండుగడ్డి దుమ్ము ఉబ్బసం ఉన్నవారికి పడదు. ముక్కుకు అడ్డు పెట్టుకోవాలి. సాయంత్రం స్నానంలో పిడుదులు పట్టాయేమో చూసుకోవాలి. తినేముందు సబ్బుతో చేతులు కడుక్కోవాలి.

అన్నిటికంటే ముఖ్యం ధనుర్వాతం టీకా. ఆ సూక్ష్మజీవుల బీజాలు మట్టిలో, గుర్రాల లద్దెలో ఉంటాయి. పది సంవత్సరాలకొకసారి బలపరిచే మోతాదు తీసుకోవాలి. మట్టి, లద్దె తగిలిన లోతు గాయమైతే, చివరి మోతాదు తీసుకొని ఐదేళ్ళు దాటితే మళ్ళీ వేయించుకోవాలి. టీకాలు ఎన్నడూ పూర్తిగా వేయించుకోనివారికి దానితోపాటు ప్రతిరక్షకాల సూదిమందు కూడా అవసరం. మీరు చివరిసారి ఎప్పుడు వేయించుకున్నారో ఇప్పుడు గుర్తు తెచ్చుకోండి. గుర్తు రాకపోతే రేపే మీ వైద్యుణ్ణి కలవండి.

మా మనవరాలు ఆగస్టువరకు అక్కడే ఉండి, తిరిగి కళాశాలలో చేరింది. చదువు కొంచెం తగ్గించుకొని చదువుతున్నది. ఏమవుతానో ఇంకా తేల్చుకోలేదని చెప్పింది. మా అల్లుడుగారు తొందరపెట్టడం లేదు. మందులు ఇంకా ఉన్నాయి. మధ్యలో ఒకసారి మళ్ళీ మనసు బాగాలేదని ఫోను చేసింది. తాను ఇచ్చిన మాట ప్రకారం నాకే చేసింది. గంటసేపు మాట్లాడుకున్నాం.

గుడ్డిగుర్రం ఆ శీతాకాలంలో చనిపోయింది. దాని తోడు గుర్రం మెడలో గంట ఇంకా తీయలేదట.